తిరుపతి నుంచి అమ్మని, పిల్లకాయల్ని తీసుకోని పడవ ఎక్కడానికి సముద్రం ఊరు ఏదైతే బాగుంటాది?

లీలామహల్_సర్కిల్:

అందరికీ నమస్తే, ఒక సలహా కావాల. మాది తిరుపతే, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఈడే. మా అమ్మకి 68 ఏండ్లు, ఆమె ఇంతవరకు పడవ అనేది ఎక్కలా. ఆమెకి తెలిసిన పడవల్లా తెప్పోత్సవంలో స్వామి ఊరేగే తెప్ప, అది కూడా పుష్కరిణి మెట్ల మీద జనంలో నిలబడి చూసిందే. మొన్న టీవీలో ఏదో ప్రోగ్రాంలో పడవలు చూపిస్తా ఉంటే "కొండ ఎన్నిసార్లు ఎక్కినానో లెక్కలేదు గానీ నీళ్ల మీద మాత్రం ఒక్కతూరి కూడా పోలేదురా" అనేసి లేచి చిక్కుడుకాయలు ఒలుచుకునేదానికి పోయింది. ఆమె మర్చిపోయింది, నాకు మాత్రం ఆ మాట పోవడంలా.

జనవరిలో సంక్రాంతి అయినాక ఒక శని ఆదివారం పెట్టుకుందామని. మేము ఏడుగురం, నేను, నా భార్య, ఇద్దరు పిల్లకాయలు (11, 6), అమ్మ, మా అక్క, బావ. బండి ఎర్టిగా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, చిన్నోడు కారులో కూర్చుంటే చాలు కాళహస్తి దాటకముందే వాంతి చేసుకునే రకం. అమ్మ శనివారం నీసు ముట్టదు, కాబట్టి చేపల ప్రోగ్రాం ఏమున్నా ఆదివారమే.

నేను అనుకున్నది ఏందంటే కృష్ణపట్నం. మ్యాప్‌లో చూస్తే నెల్లూరు పక్కనే ఉండాది, పెద్ద పోర్టు, పోర్టు ఉంటే బోట్లు ఉంటాయి, ఒడ్డున నడిచేదానికి ఉంటాది, నాలుగు అంగళ్లు ఉంటాయి గదా అని. మా బావేమో వైజాగ్ అంటాడు, ఆయనకి ఎక్కడికైనా వైజాగే. నా భార్య పాండిచ్చేరి అంటా ఉంది. పోయినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, గూగుల్ రివ్యూలు చదివి చదివి తల తిరిగిపోతా ఉంది, అన్నీ ఐదు స్టార్లే.

---

రేణిగుంట_జంక్షన్:

తమ్ముడూ కృష్ణపట్నం మాట మర్చిపో. నేను ట్రాన్స్‌పోర్టులో పనిచేస్తా, నెలకి రెండుతూర్లు ఆడికి పోతా ఉంటా. అది 2008లో మొదలైన సరుకుల పోర్టు, బొగ్గు, వంటనూనె, లారీల క్యూ. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్నే పాసు లేకుంటే లోపలికి పంపడు, మీ అమ్మని పంపుతాడా. నువ్వు ఓడ చూడాలంటే గోడ బయట నుంచి క్రేన్లు కనిపిస్తాయి, అంతే, తెల్ల చొక్కా మాత్రం వేసుకోని పోవాక.

చానా మంది ఇదే పొరపాటు పడతారు, అందుకే రాస్తా ఉండా. పోర్టు అనేది సరుకుకి. ఫిషింగ్ హార్బర్ అనేది చేపల బోట్లకి, ఆడ ఐసు, డీజిలు, వలలు, తెల్లార్తో వేలంపాట, నేలంతా తడి, మోకాళ్ల నొప్పులున్న మనిషి జారిందంటే తుంటి ఎముక పోతాది. చూసేదానికి బ్రహ్మాండంగా ఉంటాది, కాదన్ను, కానీ ఎక్కేదానికి కాదు. ఎవడో ఒకడు "ఐదొందలు ఇయ్యన్నా ఒక రౌండు తిప్పుకోనొస్తా" అంటాడు, ఆ బోటుకి మనుషుల్ని ఎక్కించుకునే పర్మిషన్ ఉండదు, లైఫ్ జాకెట్లు ఉండవు, దాంట్లో ఎక్కొద్దు. మనకి కావాల్సింది మూడోది, బోట్ హౌసు. అది మ్యాగ్జిమం సముద్రంలో ఉండదు, సముద్రం పక్కన బ్యాక్‌వాటర్‌లో ఉంటాది, అలలు ఉండవు, జెట్టీ ఉంటాది, టికెట్ ఉంటాది.

మైపాడు బీచ్ కూడా చెప్తారు ఎవరైనా, అది నీళ్లలో కాళ్లు తడుపుకునేదానికి. లోపలికి లాగే నీళ్లు అవి, పిల్లకాయల్ని చెయ్యి వదలబాక.

---

తిరుచానూరు_టు_వైజాగ్:

మీ బావగారికి నా ఓటు 😀 నేను తిరుచానూరు అమ్మాయినే, ఉద్యోగం కోసం వచ్చి వైజాగ్‌లో తొమ్మిదేళ్లు అయిపోయింది, ఇప్పుడు నా మాట కూడా మారిపోయిందని మా ఊళ్లో ఏడిపిస్తారు. కానీ నిజం చెప్పాలంటే మీకున్న రెండు రోజులకి వైజాగ్ కుదరదండి. రైల్లో ఒక వైపే 13, 14 గంటలు, శనివారం పొద్దున దిగి ఆదివారం సాయంత్రం మళ్లీ ఎక్కాలి, అమ్మగారికి నడుం విరిగిపోతుంది. ఇంకో రెండు రోజులు సెలవు పెట్టుకుంటే అప్పుడు రండి.

వస్తే మాత్రం హార్బర్ అంటే ఏంటో ఇక్కడ చూడాలి. 1933లో తెరిచిన పోర్టు ఇది, ఊరి మధ్యలోకి సముద్రం పాయలాగా వస్తుంది, పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ గాలికి అడ్డంగా ఉంటుంది. పాత ఊళ్లో హార్బర్ పక్కనే మూడు చిన్న గుట్టలుంటాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మన వేంకటేశ్వరస్వామి. మా అమ్మ వచ్చినప్పుడు ఆ గుడికి తీసుకెళ్తే "ఇక్కడికీ వచ్చేశాడా" అని నవ్వింది. అక్కడ నిలబడితే ఓడలు ఆ పాయలో నుంచి మెల్లగా లోపలికి రావడం కనిపిస్తుంది, ఒక్కో ఓడ ఎంత పెద్దదంటే కదులుతున్నట్టే ఉండదు, కళ్లు తిప్పి మళ్లీ చూస్తే జరిగి ఉంటుంది. మా అమ్మ గంట సేపు అక్కడ్నుంచి లేవలేదు.

ఫిషింగ్ హార్బర్ తెల్లవారుజామున చూడాలి, కానీ పైన అన్న చెప్పినట్టు మోకాళ్లు బాలేనివాళ్లకి కాదు. 2023 నవంబర్‌లో అక్కడ రాత్రిపూట మంటలు లేచి పదుల బోట్లు కాలిపోయాయి, ఆ పొగ మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నుంచి కనిపించింది, ఆ తర్వాత ఎప్పుడు ఆ జెట్టీ దగ్గరికి వెళ్లినా నాకు అదే గుర్తొస్తుంది. సబ్‌మెరైన్ మ్యూజియం, అదే కురుసుర, పిల్లలకి పిచ్చిగా నచ్చుతుంది, అమ్మగారికి మాత్రం లోపల తలుపులు గుండ్రంగా ఇరుకుగా ఉంటాయి, కాలెత్తి దాటుకుంటూ పోవాలి, ఆమెని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. రుషికొండలో స్పీడ్ బోట్ ఉంటుంది, నేను ఎక్కినప్పుడు ఇసుక మీద నుంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగి, అల వచ్చే లోపల ఎగిరి ఎక్కాల్సి వచ్చింది. 68 ఏళ్ల మనిషికి అది పని కాదు.

---

గడ_పడవ:

అన్నా నేను తడ పక్క. నువ్వు నెల్లూరు, వైజాగ్, పాండిచ్చేరి అన్నీ తిరిగొచ్చినావు గానీ మన జిల్లాలోనే సముద్రం ఉండాదనే సంగతి మర్చిపోయినావే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పట్నుంచీ సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లానే. మీ తిరుపతోళ్లు కలెక్టరాఫీసుకి మేం వస్తే చూస్తారు, మా ఊరికి మాత్రం రారు.

పులికాట్ సరస్సు, చిలకా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అని బడిలో చదివే ఉంటావు. శ్రీహరికోట దీవి అడ్డం ఉండబట్టి సముద్రం అలలు లోపలికి రావు. తడ దగ్గర భీములవారిపాళెం అని రేవు ఉంది, ఆడ పడవ ఎక్కొచ్చు. ఆ రేవు టూరిస్టుల కోసం పుట్టింది కాదు, ఇరకం దీవిలో ఉండే జనానికి బజారుకి పోవాలన్నా బడికి పోవాలన్నా ఆసుపత్రికి పోవాలన్నా పడవే దిక్కు, వాళ్ల రోడ్డు అదే. పొద్దున్నే పోతే టీచర్లు పడవ ఎక్కతా ఉంటారు, గ్యాస్ సిలిండర్లు ఎక్కతా ఉంటాయి, నువ్వు ఊహించుకున్న హార్బర్ అదేనేమో.

లోతు గురించి భయం వద్దు, చానా చోట్ల నడుం లోతు, ఛాతీ లోతు, అంతే. అందుకే మా తాతల కాలంలో తెడ్డు కన్నా గడ జాస్తి వాడేవాళ్లు, గడని బురదలో గుచ్చి నెట్టుకుంటా పోవడం. ఇప్పుడు ఇంజన్లు వచ్చినాయి. కానీ లోతు లేదని జాకెట్ వేసుకోకుండా ఉండొద్దు, అడుగంతా బురద, కాలు దిగిందంటే రాదు, ఈత వచ్చినోడు కూడా ఆడ ఏం చేయలేడు.

జనవరి అయితే కరెక్టు టైము. ఈశాన్య రుతుపవనాల వానలకి సరస్సు నిండి ఉంటాది, ఎండాకాలం వచ్చిందంటే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి సముద్రం నీళ్లు లోపలికి రాక సగం సరస్సు ఎండిపోయి ఉప్పు తేలతాది, అప్పుడు పడవ కాదు సైకిల్ తొక్కొచ్చు. రాయదొరువు కాడ మొగ పూడిక తీయాలని మావాళ్లు ఏండ్ల తరబడి అడగతానే ఉండారు, అది వేరే కథ, దాని గురించి మొదలుపెడితే రాత్రంతా రాస్తా.

ఫ్లెమింగోలు కూడా ఆ టైంలోనే ఉంటాయి. సంక్రాంతికి అటూ ఇటూగా ఫ్లెమింగో ఫెస్టివల్ పెడతారు, 2025లో జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. ఫెస్టివల్ రోజుల్లో మాత్రం అమ్మని తీసుకురావాక, పడవ కోసం రేషన్ షాపు మాదిరి క్యూ. ఇంకో సంగతి, షార్‌లో రాకెట్ వదిలే రోజు ఏమైనా ఉందేమో చూసుకో, ఆ రోజు మా జాలర్లని కూడా సముద్రంలోకి పోవద్దంటారు, రోడ్డు మీద చెకింగులు, పోలీసులు. రాకెట్ చూడాలంటే అది వేరే, దానికి షార్ గ్యాలరీకి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాల.

దాచిపెట్టకుండా చెప్తా ఉండా, ఈడ నీడ లేదు, మంచి హోటల్ లేదు, ఆడవాళ్లకి బాత్రూం ఇబ్బంది. తడలోనో సూళ్లూరుపేటలోనో అన్నీ కానిచ్చుకోని రండి. తిరుపతి నుంచి కాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా వస్తే సుమారు రెండు గంటలు.

---

చిత్తూరు_మాస్టారు:

గడ పడవ గారు చెప్పింది బాగుంది గానీ పులికాట్ అనే ఊరు అసలు తమిళనాడు వైపు ఉంది, పళవేర్కాడు అంటారు, సరస్సుకి ఆ పేరు ఆ ఊరి వల్లే. 1613లో డచ్చివాళ్లు అక్కడ గెల్డ్రియా అని కోట కట్టారు, మన వైపు నేసిన గుడ్డలు ఆ రేవు నుంచే ఓడలెక్కేవి. కోట ఇప్పుడు మట్టిదిబ్బ. డచ్చివాళ్ల శ్మశానం మాత్రం నిలబడి ఉంది, వాకిట్లో రాతి మీద చెక్కిన అస్థిపంజరాలు చూసి నా మనవరాలు మూడు రోజులు నాతో పడుకోలేదు. ఇంకా పైకి పోతే, మన వాకాడు పక్క దుగ్గరాజపట్నం, దాన్నే ఇంగ్లీషోళ్లు ఆర్మగాన్ అన్నారు, 1626లో వాళ్లు అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. అంటే మద్రాసు పుట్టక ముందు. అక్కడున్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే తర్వాత 1639లో మద్రాసు స్థలం కుదిర్చాడు. ఆ పెట్టుబడి దుగ్గరాజపట్నంలోనే నిలిచి ఉంటే ఈరోజు మనం మంచి డాక్టరు కోసం మద్రాసు పోకుండా వాకాడు పోయేవాళ్లమేమో.

ఇంత చెప్పడం ఎందుకంటే చరిత్ర చూడ్డానికి పళవేర్కాడు పోండి, పడవ ఎక్కడానికి మాత్రం వద్దు. 2011లో క్రిస్మస్ రోజు అక్కడ పడవ బోల్తా పడి 22 మంది పోయారు, పిక్నిక్‌కి వచ్చిన బంధువులు. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం అందరికీ గుర్తే ఉంటుంది. ఎవరో పిలిచారని ఎక్కొద్దు, టికెట్ ఇచ్చే చోటే ఎక్కండి.

---

బైరాగిపట్టెడ_బాబు:

మాస్టారూ పడవ అడిగితే పానిపట్టు యుద్ధం దాకా పోతారు మీరు 😂 సార్ క్లాసులో నేనే ఉన్నట్టు అనిపించింది. ఓకే నా వంతు ఒక్క మాట, పాండిచ్చేరి అంటే బావ ఎందుకు వద్దంటున్నాడో నాకు అర్థం కావడం లేదు, మా బావలైతే ఎగిరి గంతేస్తారు.

---

జీవకోన_జ్యోతి:

నేను రెండు అనుభవాలు చెప్తాను, ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. చెడ్డది ముందు. ఊరు పేరు, వాళ్ల పేరు చెప్పను, అనవసరం. మూడేళ్ల కిందట మేము, మా ఆడపడుచు వాళ్లు కలిసి ఒక చోటికి పోతిమి. బోటు మీద 12 మంది అని రాసి ఉంది, మేము లెక్కపెడితే 17 మంది ఉండాము. నేను అడిగితే "చిన్నపిల్లలు లెక్కలోకి రారు మేడమ్" అన్నాడు. చిన్నపిల్లలే కదా ముందు లెక్కలోకి రావాల్సింది! మా పాపకి నాలుగేండ్లు అప్పుడు, దానికి ఇచ్చిన జాకెట్ పెద్దవాళ్లది, బకిల్ ఊడిపోయి ప్లాస్టిక్ తాడుతో ముడేసి ఉంది, పాప చేతులు పైకెత్తితే జాకెట్ తలమీదుగా వచ్చేస్తా ఉంది. అప్పుడే దిగిపోవాల్సింది. టికెట్ డబ్బులు పోతాయని, అందరూ ఎక్కినాక మనం ఒక్కళ్లమే గొడవ చేస్తే ఏం బాగుంటాదని నోరు మూసుకుంటిని. నడిమధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఏమీ కాలేదు, ఇంకో బోటు వచ్చి తాడు కట్టి లాక్కుపోయింది, కానీ ఆ నలభై నిమిషాలు ఎండలో బోటు అటూ ఇటూ ఊగతా ఉంటే నేను పాప జాకెట్ ముడి పట్టుకోనే ఉన్నాను, చేతి వేళ్లు తెల్లగా అయిపోయినాయి. మా ఆయన ఇప్పటికీ జోకులేస్తాడు దాని మీద. నేను నవ్వను.

కాబట్టి లీలామహల్ అన్నా, జాకెట్ నువ్వే చూసుకో. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకోని పైకి లాగు, చెవుల దాకా వచ్చిందంటే అది ఆ మనిషిది కాదు, వేరేది అడుగు. మీ చిన్నోడికి ఆరేండ్లు కదా, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే పిల్లల జాకెట్ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కో. అమ్మకి చీర మీద వేసేటప్పుడు కొంగు లోపల దోపేయాల, లేకపోతే బకిల్‌లో ఇరుక్కుంటాది. జాకెట్ కంపు కొడతాది, అది మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంక మంచిది, పాండిచ్చేరి. ఊరి నుంచి కడలూరు రోడ్డులో ఒక ఎనిమిది కిలోమీటర్లు పోతే చున్నాంబార్ అని బోట్ హౌస్, పుదుచ్చేరి టూరిజం వాళ్లది. బ్యాక్‌వాటర్‌లో పెద్ద బోటులో కూర్చుంటే ప్యారడైజ్ బీచ్ అనే ఇసుక తిన్నె దగ్గర దింపుతారు, మళ్లీ తీసుకొస్తారు. మా అత్తగారు కూడా వచ్చింది, జెట్టీ మీద నుంచి నేరుగా బోటులోకి అడుగు పెట్టొచ్చు, ఎగరక్కర్లేదు. అయితే ఆ బీచ్‌లో స్నానం వద్దు, చూడ్డానికి మెత్తగా కనిపిస్తాది, లోపలికి లాగేస్తాది. పొద్దున్నే పోండి, మధ్యాహ్నం నుంచి గాలి లేస్తాది, జనం కూడా జాస్తి.

సాయంత్రం బీచ్ రోడ్డు. ఆరు గంటల తర్వాత బండ్లు రానివ్వరు, గాంధీ విగ్రహం ముందు గట్టు మీద కూర్చుంటే అలలు వచ్చి రాళ్లకి కొట్టుకుంటా ఉంటాయి, పిల్లకాయలు రోడ్డంతా పరిగెత్తినా భయం లేదు. మీ అమ్మకి అసలు అదే నచ్చుతాది, రాసి పెట్టుకో. పక్కనే మనకుళ వినాయకుడి గుడి, అక్కడ లక్ష్మి అనే ఏనుగు ఉండేది, 2022లో పోయింది పాపం, మా పాప ఇంకా దాన్ని అడగతానే ఉంటాది. తిరుపతి నుంచి నేరుగా రైలు ఉంది, కారు అయితే 250 కిలోమీటర్ల లెక్క వేసుకో.

---

లీలామహల్_సర్కిల్:

అందరికీ చానా థాంక్స్, ఇంత మంది ఇంత రాస్తారని అనుకోలా. జ్యోతక్కా నీ మెసేజ్ నా భార్యకి చదివి వినిపించినా, వెంటనే ఫోన్ చేసి పిల్లల జాకెట్ సంగతి కనుక్కోమని నా వెంట పడింది.

ఒక నిర్ణయానికి వచ్చినాం. ముందు ఒక ఆదివారం పులికాట్ పోయి వస్తాం, అమ్మకి పడవ సరిపడతాదో లేదో తెలుస్తాది, పొద్దున పోయి సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. ఆమెకి నచ్చితే ఎండాకాలం సెలవుల్లో పాండిచ్చేరి. బావ వైజాగ్ టికెట్లు చూస్తానే ఉండాడు, చూసుకోనీ.

గడ పడవ అన్నా, ఫెస్టివల్ అయిపోయినాక వారం వస్తే పక్షులు ఉంటాయా? చిన్నోడికి వాంతి మాత్ర ఎప్పుడు వెయ్యాల? పెద్దోళ్లు వేసుకునేది సగం చేసి వేద్దామా?

---

గడ_పడవ:

ఉంటాయన్నా, మార్చి దాకా ఉంటాయి. కానీ దగ్గరగా చూస్తామని ఆశ పెట్టుకోవాక, ఫ్లెమింగోలు మనిషి అలికిడికి జరిగిపోతాయి, పడవాయన్ని దగ్గరికి పోనీ అని బలవంతపెట్టొద్దు, పైకి లేపితే వాటి తిండి పోతాది. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకో. దగ్గరగా చూడాలంటే నేలపట్టు పో, దొరవారిసత్రం పక్కన, ఆడ చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గుంపులు గుంపులుగా ఉంటాయి, పిల్లలకి మేత పెడతా ఉంటాయి. ఆ రెట్టలు పడిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు మాదిరి పనిచేస్తాయని ఆ ఊరోళ్లు పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు.

మాత్ర సంగతి డాక్టర్ని అడుగు, పిల్లోడి బరువుని బట్టి ఉంటాది, మనం సగం చేసి వెయ్యడం వద్దు. ప్రయాణానికి ముందే వెయ్యాల, వాంతి మొదలయినాక వేస్తే అది కూడా బయటికే. పొద్దున్నే ఏడున్నరకంతా రేవులో ఉంటే గాలి లేవక ముందే తిరిగొచ్చేయొచ్చు. పడవలో పిల్లోణ్ణి ముందు వైపు కాకుండా మధ్యలో కూర్చోబెట్టు, ఊపు తక్కువ, ఫోన్ చూడనివ్వాక, దూరంగా గట్టుని చూడమను.

వాపసు వచ్చేటప్పుడు రొయ్యలు, పీతలు, మడవ చేపలు కొనుక్కోవాలంటే నాకు మెసేజ్ పెట్టు, ఐసు డబ్బా నువ్వే తెచ్చుకోవాల.

---

లీలామహల్_సర్కిల్:

పోయొచ్చినాం! నిన్ననే. రాస్తానని మాటిచ్చినా కాబట్టి రాస్తా ఉండా.

నాలుగున్నరకి బయల్దేరినాం, కాళహస్తిలో ఇడ్లీ (చిన్నోడికి రెండే పెట్టినాం, డాక్టర్ మాత్ర ఇచ్చింది, పనిచేసింది). ఏడుంబావుకి రేవులో. మంచు ఇంకా పోలా, నీళ్లు ఎక్కడ అయిపోతాయో ఆకాశం ఎక్కడ మొదలవతాదో తెలియలా. అమ్మ కారు దిగి కొంచెంసేపు అట్లే నిలబడింది. నేను ఏదో గొప్పగా అంటాదేమో అని చూస్తా ఉంటే "బాత్రూం యాడుందిరా" అనింది. గడ పడవ అన్న ముందే చెప్పినాడు, తప్పు మాదే.

జాకెట్ దగ్గర పెద్ద గొడవ. ఎవరెవరో వేసుకున్నది, చెమట కంపు, నేను వేసుకోను అని మొండికేసింది. ఏం చెప్పినా వినలా. ఆఖరికి పడవాయనే "అమ్మా, నేను పుట్టింది ఈ నీళ్లలోనే, నేనే వేసుకోనుండా చూడు" అన్నాడు, అప్పుడు కొంగు దోపుకోని వేసుకునింది. భుజాల దగ్గర లాగి చూసినాను జ్యోతక్కా, చెవుల దాకా రాలా. చిన్నోడికి మొదట ఇచ్చింది పెద్దదైంది, మార్పించినాం.

పడవ ఎక్కేటప్పుడు ఇద్దరం చేతులు పట్టుకున్నాం, పడవాయన గట్టుకి పడవని ఒత్తి పట్టుకున్నాడు. కూర్చున్నాక రెండు చేతులతో పలకని గట్టిగా పట్టుకోని కళ్లు మూసుకునింది. ఇంజన్ స్టార్ట్ చేసి పడవ గట్టు నుంచి విడిపోయి ఒక ఊపు ఊగిందా, కళ్లు తెరిచి "గోవిందా గోవిందా" అనింది గట్టిగా, మెట్లదారిలో అన్నట్టు. మా పడవలో ఇరకం పోయే ఇద్దరు ఆడవాళ్లు కూడా ఎక్కి ఉండారు, వాళ్లు కూడా గోవిందా అన్నారు, పడవాయన కూడా. పిల్లకాయలు ఇంగ ఆపలా, పది నిమిషాలు అదే గోల. ఫ్లెమింగోలు ఆ గోలకే పోయినాయేమో, మాకు దూరంగా గులాబీ రంగు గీత మాదిరి కనిపించినాయి, అంతే. నేలపట్టులో మాత్రం గూడబాతులు కడుపు నిండా చూసినాం.

సగం దూరం పోయినాక అమ్మ ఆ ఇరకం ఆడవాళ్లతో మాటల్లో పడిపోయింది, కాన్పులకి ఎట్లా పోతారు, వానాకాలం కూరగాయలు ఎట్లా, పెండ్లి పందిరి సామాను పడవలోనే తెస్తారా అని. నీళ్ల వైపు చూడనే లేదు ఇంగ. దిగినాక ఎట్లుందిమా అంటే "ఆ పిల్ల పాపం రోజూ పోయొస్తాదంట" అనింది.

వాంతి ఎవరు చేసుకున్నారో చెప్పమంటారా, వైజాగ్ బావ. ఛాతీ లోతు నీళ్లలో.

---

తిరుచానూరు_టు_వైజాగ్:

బావగారిని ఇక్కడికి పంపకండి, మా సముద్రం తట్టుకోలేదు 😂

---

గడ_పడవ:

నాకు మెసేజ్ పెట్టలేదే అన్నా, పీతలు తీసి పెట్టుకోని కూర్చోనుంటిని.

---

లీలామహల్_సర్కిల్:

అన్నా ఐసు డబ్బా ఇంట్లోనే మర్చిపోయినాం. వచ్చే నెల అమ్మ మళ్లీ వస్తానంటా ఉంది, ఆ ఆడవాళ్లలో ఒకామె చెల్లెలి పెండ్లి అంట ఇరకంలో, ఈమెని కూడా పిలిచింది. ఆ రోజు ఆఖరి పడవ ఎన్నింటికో కనుక్కోని చెప్పు.